గడియారం లేని మిషను

నేను కొన్న మొదటి కంప్యూటర్‌కు గడియారం లేదు. లేదని తెలిసే కొన్నాను. లేదు కాబట్టే తక్కువలో కొన్నాను. ఈ మూడో మాట చెప్పేటప్పుడు కొన్నాళ్లపాటు నా మెడ కాస్త పొడుగయ్యేది.

కరీంనగర్‌లో బట్టల దుకాణాల మధ్య పెరిగినవాణ్ని. మా బజారులో పిల్లలకు బడి కన్నా ముందు బేరం వస్తుంది. థాను విప్పి వెలుతురుకు అడ్డంగా పట్టి, ఎక్కడో ఒక మూల దారం లేచినచోటు వెతికి, దాని మీద వేలు పెట్టి, ముఖం దిగాలుగా చేసుకోవడం నాకు పదేళ్లకే వచ్చు. తొంభైల మొదట్లో బట్టలు మా అన్నకు వదిలేసి, అదే బజారు చివర ఒక గది తీసుకుని, పాత కంప్యూటర్లు కొని తుడిచి అమ్మే పనిలోకి దిగాను. వస్తువు మారింది గానీ వేలు అదే.

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లువాళ్లు కొత్త కంప్యూటర్ తెచ్చుకుని పాతది తీసేస్తున్నారని తెలిసి పోయాను. పత్తి నూగు పేరుకుని అది కుందేలులా ఉంది. మిల్లు గుమాస్తా మరాఠీ కలిపి తెలుగు మాట్లాడే పెద్దమనిషి. ఆయన స్విచ్చి వేశాడు. లోపల ఏదో కుర్రుమని తిరిగి, నల్లటి తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ రోజు మంగళవారం, 1980 జనవరి ఒకటి అంది. కాకపోతే కొత్త తారీఖు చెప్పమంది.

"గిదేందన్నా, ఎన్నడో పండుకొని గిప్పుడే లేసినట్టు మాట్లాడుతుంది?" అన్నాను.

"దానికి ఘడ్యాళ్ నాహీ సేట్. గడియారం కార్డు పీకి కొత్తదాంట్ల పెట్టినం. కరెంట్ పోయిందంటే అంతా మర్చిపోతది. మళ్ల తారీఖు ఒకసారి, టైం ఒకసారి మనమే చెప్పాలె. బస్, గంతే."

నాకు చిరుగు దొరికింది. వేలు పెట్టాను.

"గడియారం లేని మిషన్ నేనేం జేసుకోవాలె? కొన్నోడు నన్ను తంతడు."

"టైం చూసుకోనీకి కొంటున్నవా సేట్, పని చేయించుకోనీకి కొంటున్నవా?"

"పని చేసేటోనికి టైమే తెల్వకుంటే, వాణ్ని ఎప్పుడు లేపాలె, ఎప్పుడు ఇంటికి తోలాలె?"

ఆయన నవ్వాడు. అమ్మేవాణ్ని నవ్వించావంటే బేరం సగం అయినట్టే. మిగతా సగానికి రెండు చాయ్‌లు తాగించి, రెండుసార్లు లేచి వెళ్లిపోయినట్టు గేటు దాకా నడిచాను. మూడోసారి నడవబోతుంటే ఆయనే అన్నాడు: "సేట్, గేటు కాడికి మళ్లమళ్ల పోకు, వాచ్‌మన్ పరేషాన్ అయితున్నడు. తీస్కపో." తిరుగు బస్సులో టీవీలాంటి ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టర్ దానికి అర టికెట్ తీయమన్నాడు. అది సీటు మీద కూర్చోలేదనీ, కూర్చున్నది నా మీదనీ, నాకు టికెట్ ఉందనీ మంచిర్యాల దాకా వాదించాను. అదీ గెలిచాను. ఆ వారమంతా నన్ను పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు.

ఇంటికొచ్చి దాని ముందు కూర్చున్నాను. రెండే మాటలు నేర్చుకోవాలి. డేట్ అని కొడితే తన దగ్గరున్న తారీఖు చూపించి, కొత్తది చెప్పమంటుంది. టైం అని కొడితే అలాగే గంట, నిమిషం చూపించి, కొత్తది చెప్పమంటుంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే ఉన్నదే ఉంచుకుంటుంది. నెల ముందు, రోజు తర్వాత చెప్పాలి, అదొక వంకర. పదమూడో నెల అంటే ఒప్పుకోలేదు. ఫిబ్రవరి ముప్పై అంటే ఒప్పుకోలేదు. అది తప్ప ఇంకేం చెప్పినా, ఎప్పటి రోజు చెప్పినా, మొదటి మాటకే సరే అంది. నాకు కొంచెం నిరుత్సాహంగా అనిపించింది. ఔనా అనైనా అడగకుండా చెప్పింది చెప్పినట్టు తీసుకునేవాణ్ని మా బజారులో నేను చూసి ఎరగను.

ఆ మిషనును మా బజారు వెనక గల్లీలోని కాన్పుల దవాఖానకు అమ్మాను. ఆ డాక్టరమ్మకు ఒక బాధ ఉండేది.

"కాన్పు చేసుడు తేలికే. టైం చెప్పుడే కష్టమైతుంది," అంది ఆమె ఒకరోజు మా దుకాణంలో కూర్చుని.

నిజమే. బిడ్డ బయట పడగానే తలుపు దగ్గర కాచుకున్న నానమ్మలు అడిగే మొదటి మాట ఎన్ని గంటలకని. ఆ గంటా నిమిషమూ తీసుకుపోయి పంతులుకు చెబితే, ఆయన పంచాంగం చూసి నక్షత్రం తేలుస్తాడు. నక్షత్రాలు మారే గడియకు కాస్త అటూ ఇటూ పుట్టారంటే ఇక లొల్లి. గోడ గడియారం ఒకటి చెబితే మేనమామ చేతి గడియారం ఇంకొకటి చెప్పేది. కాన్పు గదిలో పనిచేసే ఆయమ్మ కొంగులో ఎవరో ఏదో కట్టేవాళ్లు, ఆయమ్మకు మూడో టైం గుర్తొచ్చేది. ఒక్క బిడ్డకు నాలుగు టైంలు. సంతకం మాత్రం డాక్టరమ్మది.

నేను అందుకున్నాను: "అమ్మా, మిషన్‌కు మొహమాటం లేదు. దానికి చుట్టాలు లేరు. బిడ్డ పడంగనే ఆయమ్మ లోపల్నుంచి కేకేస్తది, ముందటి అర్రల కూసున్నోళ్లు ఒక్క బటన్ నొక్కుతరు. టైం అదే ఏస్కుంటది, చీటీ అదే కొడ్తది. దేవుడొచ్చి చెప్పినా మార్చది."

దేవుడి దాకా అక్కర్లేదు, టైం అని కొట్టడం వచ్చిన ఎవరైనా మార్చగలరని నాకు తెలుసు. చిరుగును మడత లోపలికి పెట్టి థాను చూపించడం కూడా నాకు పదేళ్లకే వచ్చు.

డాక్టరమ్మ, చీటీ కొట్టడానికి నేను రాసిచ్చిన చిన్న ప్రోగ్రాంతో సహా మిషను పెట్టించుకుని గోడ గడియారం తీయించేసింది. రెండు గడియారాలుంటే రెండు నక్షత్రాలు పుడతాయని ఆమె లెక్క. సిస్టర్ రోజూ పొద్దున ఏడింటి రేడియో వార్తలకు తన చేతి గడియారం సరిచేసుకుని, దాన్ని చూసి మిషనుకు తారీఖూ టైమూ కొట్టేది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ కొట్టేది. కాన్పు గదిలోకి పోయేముందు గడియారం విప్పి బల్ల సొరుగులో పెట్టేది.

నానమ్మలు ఒక వారం మిషనుతో తగువుపడ్డారు. తర్వాత లొంగిపోయారు. ఒక పెద్దాయన మనవడి చీటీ తీసుకుంటూ దానికి దండం పెట్టి, డబ్బా నెత్తిన కుంకుమ బొట్టు పెట్టిపోయాడు. డాక్టరమ్మ సంతోషపడి, తనకు తెలిసిన మరో ఇద్దరు డాక్టర్లకు నా సంగతి చెప్పింది. వాళ్లు వచ్చి చూస్తామన్నారు. నేను అప్పుడే ఇంకో రెండు పాత మిషన్ల కోసం ఆదిలాబాద్‌కు కబురు పెట్టాను.

ఎండాకాలం, కరెంటు కోతల రోజులు. ఒక పొద్దున దవాఖానలో చీటీలు కొట్టే మిషనుకు రిబ్బన్ మార్చడానికి పోయాను. పోయేసరికి కరెంటు లేదు. రిబ్బన్ మార్చి చేతులు తుడుచుకుంటుంటే ఫ్యాను తిరిగింది. తెర మీద మళ్లీ 1980 మంగళవారం వచ్చి కూర్చుంది. లోపల ఎవరో అరుస్తున్నారు. సిస్టర్ తలుపు సందులోంచి తల బయటపెట్టింది.

"సేటూ, జర మీరే టైం కొట్టుండ్రి. లోపల కాన్పున్నది, బటన్ కూడ మీరే నొక్కుండ్రి!"

నా చేతి గడియారం చూసుకుని తారీఖు కొట్టాను, టైం కొట్టాను. కాసేపటికి ఆయమ్మ కేక వినిపించింది: "అయింది, ఆడపిల్ల!" నొక్కాను. కరకరమని చీటీ వచ్చింది. పది గంటల నలభై ఏడు నిమిషాలు. ఆ రోజు అక్కడ పుట్టింది ఆ ఒక్క బిడ్డే. చీటీ చించి బల్ల మీద పెట్టి, రిబ్బన్ తాలూకు నల్లమరకలు చొక్కాకు అంటకుండా జాగ్రత్తగా ఇంటికొచ్చాను.

మర్నాడు ఒక మనిషి నా దుకాణానికి వచ్చాడు. ముప్పై లోపు వయసు. చొక్కా ఇస్త్రీ మడతల్లోనే ఉంది, కళ్లు మాత్రం నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"దవాఖాన్ల టైం మిషన్ పెట్టింది మీరేనా సేటూ?"

"నేనే. ఏమైంది తమ్మీ, ఖరాబైందా?"

"ఖరాబ్ కాలే. అయితే మంచిగుండు."

కూర్చోబెట్టి చాయ్ చెప్పాను. జమ్మికుంట దిక్కు పల్లె వాళ్లది. దుబాయ్‌లో సెంట్రింగు పని చేస్తాడు. కాన్పుకు అందేలా సెలవు పెట్టుకుని వచ్చాడు. నిన్న పుట్టిన ఆడపిల్ల అతని బిడ్డే. పంతులు చీటీ చూసి చెప్పాడట: పది నలభైకి అనూరాధ పోయి జ్యేష్ఠ వచ్చింది, బిడ్డ జ్యేష్ఠలో పడింది. మళ్లీ అదే నక్షత్రం వచ్చే రోజున శాంతి చేయించి, నూనె గిన్నెలో నీడ చూశాకే తండ్రి బిడ్డ ముఖం చూడాలి. అంటే ఇరవై ఏడు రోజులు.

"నాకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నది సేటూ. పదో రోజు విమానం. మళ్ల సెలవంటే రెండేండ్లు."

"ఇంక సూడనే లేదా బిడ్డను?"

"యాడ సూసుడు? మా అవ్వ తలుపుల కూసున్నది. పంతులు చెప్పిందాంక ఆగుమన్నది, చెప్పినంక అసలే వద్దన్నది. గోడకు చెవి పెట్టి ఏడుపు ఇంటున్న."

చాయ్ వచ్చింది. అతను ముట్టుకోలేదు. సంచిలోంచి ఒక అత్తరు సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు.

"జర పది నిమిషాలు ఎనకకు తీయుండ్రి సేటూ. మిషన్ మీదే గదా, మీ మాట ఇంటది."

మామూలుగా నేను అత్తరు సీసా చూస్తే ముందు మూత తీసి వాసన చూస్తాను, తర్వాత అడుగు తిప్పి ఎక్కడిదో చూస్తాను. ఆ రోజు ముట్టుకోలేదు. మంచితనం అనుకోకండి. ఒక్కసారి తీశానంటే రేపు పొద్దున నానమ్మలందరూ నా దుకాణం ముందు వరుసగా కూర్చుంటారని భయం.

"దేవుడొచ్చి చెప్పినా మార్చది తమ్మీ," అన్నాను. అదే మాట, రెండోసారి.

అతను సీసా సంచిలో వేసుకుంటూ తనలో తాను గొణుక్కున్నాడు: "నా గడియారంల తొమ్మిది అయిదే అయింది. బిడ్డ ఏడ్వంగనే సూసిన. చెప్తే మా అవ్వ నమ్మది, గది దుబాయ్ టైం, గా దేశం నక్షత్రం ఏరే అంటది."

అక్కడినుంచి వచ్చినవాళ్లు చాలామంది గడియారం తిప్పరు. తిప్పితే సెలవు నిజంగా మొదలై, నిజంగా అయిపోతుందని కాబోలు. నేను ఊరికే, నోటి అలవాటుగా లెక్క కట్టాను. దుబాయ్‌కు మనకు గంటన్నర తేడా. తొమ్మిది అయిదుకు గంటన్నర కలిపితే పది ముప్పై అయిదు. చీటీలో పది నలభై ఏడు. తేడా పన్నెండు.

పన్నెండు అనుకోగానే నా చూపు ఎడమ చేతి గడియారం మీద పడింది.

ఇక్కడ మా బజారు సంగతి చెప్పాలి. నేను పుట్టకముందు మా బాపు, ఎదుటి దుకాణం కన్నా ముందు తలుపులు తీయాలని మా గోడ గడియారం రెండు నిమిషాలు ముందుకు తిప్పాడట. ఎదుటాయన కనిపెట్టి నాలుగు తిప్పాడు. పక్కాయన అయిదు. ఇలా ఒకరి మీద ఒకరు తిప్పుకుంటూ పోయి, బజారంతా పావుగంట ముందు బతకసాగింది. చివరికి పెద్దలు కూర్చుని పన్నెండు దగ్గర రాజీ పడ్డారు. ఇక ఎవరూ తిప్పొద్దు, ఎవరూ తగ్గించొద్దు. నేను పుట్టేనాటికే అది ఆచారం. మా గోడ గడియారం, మా అన్న చేతి గడియారం, నా చేతి గడియారం అన్నీ పన్నెండు నిమిషాలు ముందుంటాయి. బస్సుకు పోయేటప్పుడు మనసులో తీసేసుకుంటాం. మిషనుకు టైం కొట్టేటప్పుడు మాత్రం తీసేయలేదు. అది ఔనా అని అడగలేదు మరి.

ఎదురుగా ఆ మనిషి లేచి చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. నాకు లోపల బేరం మొదలైంది. ఊరుకుంటే ఈ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు. నిన్న సాయంత్రం కోతకే మిషను అంతా మరిచిపోయి ఉంటుంది, సిస్టర్ మళ్లీ సరిగ్గా కొట్టి ఉంటుంది, నా తప్పుకు ఆనవాలు లేదు. చెబితే డాక్టరమ్మ ముందు నా మాట పోతుంది, ఆమె చెప్పిన ఇద్దరు డాక్టర్లు పోతారు, ఆదిలాబాద్‌లో చెప్పిపెట్టిన రెండు మిషన్లు నా నెత్తిన పడతాయి.

"మళ్ల వచ్చేవరకు అది నడుస్తది సేటూ," అన్నాడతను గడప దగ్గర. "నన్ను సూసి ఎవలో అనుకొని ఏడుస్తది."

"ఆగు తమ్మీ," అన్నాను. "నడువు, నేనొస్త."

దవాఖానలో అతని తల్లి గది తలుపుకు వీపు ఆనించి, కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. బక్కపలచటి మనిషి. కానీ ఆమెను అక్కణ్నుంచి కదపాలంటే ఎడ్లను కట్టి లాగాలి. నేను మొత్తం చెప్పాను. నా గడియారం ముందుందని, దాన్ని చూసే కొట్టానని, తప్పు మిషనుది కాదు నాదని. ఆమె వింటూ నన్ను చెప్పుల దగ్గర్నుంచి తల దాకా కొలిచింది.

"నా కొడుకు నీకేమిచ్చిండు?"

"అత్తరు సీస ఇయ్యవోయిండు. నేను తీసుకోలే."

"ఎందుకు తీసుకోలే? అగ్గువదా?"

బేరగాణ్ని చూడగానే గుర్తుపట్టడం నాకు వచ్చు. లేచి నిలబడ్డాను, మర్యాదకు.

సిస్టర్ గడియారం, దుబాయ్ గడియారం, నా గడియారం మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. సిస్టర్‌ది రేడియోకు సరిచేసింది. దుబాయ్‌ది దానికి సరిగ్గా గంటన్నర వెనక. నాది పన్నెండు నిమిషాలు ముందు. ఆమెకు అంకెలు చదవడం రాదు గానీ ముళ్లు ఎక్కడున్నాయో బాగా చూసింది.

"నాకు ఒకటి చెప్పు సేటూ. గిది నువ్వు తొవ్వల తిప్పుకోలేదని ఎట్ల నమ్మాలె?"

"నాదొక్కటే కాదవ్వా, మా బజారంత గంతే. పుట్టినకాన్నుంచి గంతే."

"బజారంత తిప్పలేవు గదా," అంటూ ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "నడువు. నేను కండ్లార జూస్త." లేస్తూ ఆయమ్మను తలుపు ముందు కూర్చోబెట్టింది. "వీడు నడిమిట్ల తిరిగొచ్చి లోపలికి పోతే నిన్ను అడుగుత."

సిస్టర్ గడియారం చేతిలో పట్టుకుని ముందు ఆమె, వెనక కొడుకు, ఆ వెనక నేను మా బజారులోకి పోయాం. మొదటి దుకాణంలో గద్దె మీదున్నాయన ఆమెను చూసి మెత్త సర్దాడు.

"రా అవ్వా, కూసో. ఏం సూపియ్యాలె?"

"గడియారం సూపియ్యి."

"మా కాడ చీరలు, పంచెలుంటయి గని..."

"గోడకున్నదాన్ని సూస్త, కొనను తియ్యి."

చూసింది. చేతిలోదానితో కలిపి చూసింది. రెండో దుకాణం, మూడో దుకాణం. నాలుగోది మాదే. మా అన్న ఆమెను కొనే మనిషి అనుకుని అప్పటికే రెండు థాన్లు విప్పేశాడు. ఆమె గోడ వైపు చూసి, తల ఊపి, ఆ ఊపులోనే చేయి చాపి ఒక తెల్లటి మల్లు గుడ్డ చివర పట్టుకుంది. వెలుతురుకు అడ్డం పెట్టింది. ఒక మూల వేలు పెట్టింది.

"గీడ దారం లేసింది."

నేను పక్కకు తిరిగి నిలబడ్డాను. మా అన్న పావుగంట గింజుకున్నాడు. మేం మా అత్తగారివాళ్లకు కూడా ఇవ్వని ధరకు ఆమె బిడ్డ పొత్తిళ్లకు రెండు గజాలు చింపించుకుని చంకలో పెట్టుకుంది. దవాఖానకు తిరిగి నడుస్తూ నాతో అంది: "మీ అన్న మంచోడే. నీ కంటె తొందరగ దిగుతడు."

డాక్టరమ్మ అప్పటికే వచ్చి ముందు గదిలో నిలబడి ఉంది. సిస్టర్ చెప్పేసినట్టుంది. మళ్లీ మొదట్నుంచీ నేనే చెప్పాను, మడత విప్పి మరీ. ఆమె చివరిదాకా విని, చీటీ ఎలా సరిచేస్తావని మాత్రం అడిగింది.

అక్కడొక తిరకాసుంది. నేను రాసిన ఆ చిన్న ప్రోగ్రాంకు టైం చేత్తో రాయడం రాదు. బటన్ నొక్కిన గడియే కొట్టుకుంటుంది. ఎవరూ మార్చకూడదని నేనే అలా రాశాను. కాబట్టి నిజం చీటీ కావాలంటే మిషనుకు అబద్ధం చెప్పాలి. డేట్ అని కొట్టి నిన్నటి తారీఖు చెప్పాను. తీసుకుంది. టైం అని కొట్టాను. డాక్టరమ్మ నా భుజం మీదుగా చూస్తోంది.

"పదిన్నర పెట్టు సేటూ," అంది పెద్దావిడ వెనకనుంచి. "అయిదు నిమిషాలే ఎడం అంటే నక్షత్రం అంచుకున్నట్టయితది. జర లోపలికి జరుపు."

"పది ముప్పై అయిదు అవ్వా."

"ముప్పై రెండు జెయ్యి."

"గిది ఒకటే ధర."

నా జీవితంలో ఆ మాట నేను అనడం అదే మొదలు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, "సరే తియ్యి" అంది, దుకాణం మెట్లు దిగేవాళ్లు అనేలాగే.

పది ముప్పై అయిదు కొట్టాను. మిషను చూపిస్తున్న పన్నెండో ఎంతో గంటలు వదిలేసి, ఒక్క ప్రశ్న లేకుండా నిన్నటి పొద్దునకు పోయింది. తలుపు దగ్గర కూర్చున్న ఆయమ్మ, మేమందరం అలా కాచుకుని ఉండటం చూసి, అలవాటు కొద్దీ గట్టిగా కేకేసింది: "అయింది, ఆడపిల్ల!" నొక్కాను. కరకరమంటూ చీటీ వచ్చింది. డాక్టరమ్మ పాత చీటీ దాని వెనక గుచ్చి, ఎందుకు మార్చారో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టింది. తర్వాత పెన్ను మూత పెడుతూ నా వైపు తిరిగింది.

"దేవుడొచ్చి చెప్పినా మార్చదన్నవు."

"దేవునికి టైపింగ్ రాదమ్మా."

ఆమె నవ్వలేదు. నవ్వించలేకపోతే బేరం మనది కాదు. గోడ గడియారం మళ్లీ గోడకు ఎక్కించమని సిస్టర్‌కు చెప్పింది. మిషనుకు బ్యాటరీ ఉన్న గడియారం కార్డు నా ఖర్చుతోనే తెచ్చి పెట్టమంది. ఆ ఇద్దరు డాక్టర్లకు జరిగిందంతా నేనే స్వయంగా పోయి చెప్పాలంది. కార్డు ఖర్చు చెరిసగం అందామా అని నోటిదాకా వచ్చింది. మింగాను. సరేనమ్మా అన్నాను. తర్వాత పోయి చెప్పాను కూడా. ఒకాయన వద్దన్నాడు. రెండో ఆయన అంతా విని, తప్పు ఒప్పుకున్నాను గనుక ధర తగ్గించమన్నాడు. తగ్గించాను.

ఆ రోజు మాత్రం పెద్దావిడ చీటీని కొడుక్కి ఇచ్చి గట్టిగా చదివించుకుంది. పంచాంగం లెక్క తన నోటితో ఒకసారి చెప్పుకుంది: పది నలభై దాకా అనూరాధ. కొత్త మల్లు గుడ్డ దులిపి భుజాన వేసుకుని లోపలికి పోయింది. కోడలితో ఏదో అంటున్నట్టు వినిపించింది. తలుపు పూర్తిగా తెరిచింది.

"రా బిడ్డా," అంది కొడుకుతో. "కాళ్లు కడుక్కొని రా."

అతను కడుక్కోవడానికి పోలేదు, పరుగెత్తాడు. తడి కాళ్ల గుర్తులు ముందు గది మీదుగా తలుపు దాకా పడ్డాయి. నేను కుర్చీలోంచి కదల్లేదు. అక్కడినుంచి అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

మిషను ఇంకా నిన్నటి పొద్దుటి టైంలోనే నడుస్తోంది. ఇవాళ్టి తారీఖు కొట్టాను. టైం అని కొట్టి, గంటన్నర కలుపుకుందామని లోపలికి కేకేశాను: "తమ్మీ, నీ గడియారంల ఎంతయింది?"

తొంగి చూస్తే గడియారం ఉన్న చెయ్యి బిడ్డ తల కింద ఉంది.

"వాణ్ని గిప్పుడు టైం అడుగకు సేటూ," అంది పెద్దావిడ, తలుపు సగం మూస్తూ.

సిస్టర్ తన గడియారం తెచ్చి నా ముందు పెట్టింది. దాన్ని చూసి కొట్టాను.